సీమంతమున కథాశ్రవణము

మా మేనగోడలికి సీమంతము చేయుటకు పెద్దలు ముహూర్తము నిశ్చయించిరి. ఆమె విద్యావతి, పట్టణమున నుద్యోగము చేయుచున్నది. ముహూర్తము కుదిరిన మరునాడే నాకు కబురుచేసి, "మామయ్యా, వచ్చేవాళ్లు చీరలూ వెండిగిన్నెలూ తేవద్దు. తలా ఒక కథల పుస్తకం తెమ్మని నువ్వే అందరికీ చెప్పు. అలంకారం కూడా కథల బొమ్మలతోనే చేయిద్దాం" అనెను. ఈ మాట మా యింట పెద్ద దుమారమునే లేపినది. ఇది అమెరికావారి వేడుకయే గాని మన యాచారము కాదని యొకరనిరి. పుట్టని బిడ్డకు పుస్తకములేల యని యింకొకరనిరి. తుదకు, "బడిపంతులవు, సంస్కృతము చదివినవాడవు, శాస్త్రమేమి చెప్పునో నీవే తేల్చుము" అని భారమంతయు నాపై వైచిరి. నేను గృహ్యసూత్రములను, పురాణములను, మన బాలవాఙ్మయ చరిత్రను కొంత తిరుగవేసితిని. అందు నాకు గోచరించిన దానిని చదువరుల ముందుంచుచున్నాను.

మొదట అమెరికావారి వేడుకను గూర్చి. కడుపుతో నున్న స్త్రీ చుట్టును బంధుమిత్రులు గూడి, పుట్టబోవు శిశువునకు వలయు వస్తువులను కానుకలిచ్చు నాచారము ఆ దేశమున రెండవ ప్రపంచయుద్ధానంతరము, జననములు విశేషముగా పెరిగిన కాలమున, విరివిగా వ్యాపించినది. అందొక విధము కథల వేడుక. వచ్చువారు శుభాకాంక్షల కాగితమునకు బదులుగా నొక్కొక్క పిల్లల పుస్తకమును దెచ్చి, అట్టలోపల శిశువును సంబోధించి రెండు మాటలు వ్రాసి యిత్తురు. ఇంటి యలంకారమునకు పేరొందిన కథలలోని పాత్రలను గైకొందురు. బియాట్రిక్స్ పాటర్ అను నాంగ్లవనిత 1893లో జబ్బుపడిన యొక బాలుని వినోదమునకై వ్రాసిన యుత్తరమునుండి పుట్టి, 1902లో పుస్తకముగా వెలువడిన పీటర్ కుందేలు కథ యట్టివానిలో నొకటి. అచట స్థిరపడిన తెలుగువారు సీమంతమును, ఈ వేడుకను గలిపి చేయుటయు గలదు. మా మేనగోడలి కోరిక యీ మార్గముననే వచ్చినదని యొప్పుకొందును. కాని పరదేశమునుండి వచ్చిన దంతయు మనకు పరాయిది యనుట తొందరపాటు. ఒక్కొక్కప్పుడు మనము పోగొట్టుకొన్న వస్తువే యితరుల చేతిలో కనబడును.

సీమంతమనగా పాపట, ఉన్నయనమనగా పైకి దీయుట. సీమంతోన్నయనము షోడశ సంస్కారములలో నొకటి. ఆశ్వలాయనుడు దీనిని గర్భముయొక్క నాలుగవ మాసమున విధించెను. పచ్చికాయల గుత్తితోను, మూడుచోట్ల తెలుపు గల యేదుముల్లుతోను, మూడు దర్భకట్టలతోను భర్త భార్య పాపటను ముమ్మారు పైకి దీయవలెను. ఆంధ్రబ్రాహ్మణులలో పెక్కుర కనుసరణీయమగు ఆపస్తంబ సూత్రమున, మొలకలెత్తిన యవలను గర్భిణి తలపై గట్టుటయు, చుక్కలు పొడుచువరకు నామె మౌనముగా నుండుటయు నున్నవి. గోభిలుని మతమున భర్త యామెకు నేయి గల వంటకమును జూపి యేమి కనబడుచున్నదని యడుగును; ఆమె సంతానము కనబడుచున్నదని చెప్పును.

వీని నన్నిటిని మించి నన్నాకర్షించిన దొక చిన్న విధి. పాపట దీసిన పిమ్మట భర్త యిద్దరు వీణావాదకులను బిలిచి పాడుడని యాజ్ఞాపింపవలెను. ఆశ్వలాయనుడు సోమరాజును పాడుమనెను. తాము నివసించు తీరమునందలి నది పేరును ఆ గాథలో చేర్చుమనెను. గౌతమీతీరవాసి గోదావరిని, కృష్ణాతీరవాసి కృష్ణవేణిని బేర్కొనవలెనన్న మాట. పారస్కరుడు మరియొక యడుగు ముందునకు వైచి, రాజునైనను, అతనికంటె వీరుడగు నన్యుడున్నచో వానినైనను పాడవచ్చుననెను. ఈ వికల్పము సామాన్యమైనది కాదు. ఎవని కీర్తి పాడదగినదో యెన్నుకొను స్వేచ్ఛను సూత్రకారుడు గృహస్థునకే విడిచినాడు. రెండు మూడు పాదముల గాథ పూర్ణకథ కాజాలదు, నిజమే. అయినను గర్భిణి చెవిని గొప్పవారి కీర్తి పడవలెననుటయు, ఆ కీర్తిలో తన యూరి యేరు కూడ నుండవలెననుటయు కథకు బీజములు. నేటి సీమంతములలో ఏదుముల్లు పేరైన మిగిలినది. వీణ మాత్రము మాయమైనది.

వైద్యశాస్త్రము కూడ నీ విషయమున నుదాసీనముగా లేదు. సంతానార్థినియగు స్త్రీని సౌమ్యములును మనోనుకూలములును నగు కథలతో నలరింపవలెనని చరకసంహిత శారీరస్థానమున జెప్పబడినది. సుశ్రుతుడు నాలుగవ మాసమున శిశువు హృదయము వ్యక్తమగును గనుక, రెండు హృదయములు గల యా స్త్రీ కోరికలను తీర్పవలెననెను. ఆమె కోరిన వస్తువును బట్టి బిడ్డ స్వభావ మేర్పడునన్న యాతని సిద్ధాంతమును నేడెవరును నమ్మనక్కరలేదు. గర్భిణి మనస్సును సుఖముగా నుంచవలెనన్న హితవు మాత్రము నేటికిని పనికివచ్చునదే.

ఇక పురాణములకు వత్తము. గర్భస్థశిశువు కథ వినుననగానే మన కిద్దరు స్ఫురింతురు: అభిమన్యుడు, ప్రహ్లాదుడు. అర్జునుడు సుభద్రకు పద్మవ్యూహ భేదనమును జెప్పుచుండగా నామె నిదురించెననియు, అందువలన కడుపులోని బిడ్డకు వెలుపలికి వచ్చు నుపాయము తెలియకపోయెననియు జనులు చెప్పుకొందురు. వ్యాసభారత ద్రోణపర్వమున నీ నిద్ర లేదు. తండ్రి తనకు లోనికి జొచ్చు విధము నుపదేశించెననియు, ఆపద వచ్చినచో వెలువడజాలననియు అభిమన్యుడు ధర్మరాజుతో పలుకును; అంతియే. తరువాతివా రెవరో తల్లిని నిదురపుచ్చిరి. ఆరుగురు మహారథులు గూడి యొక బాలుని జంపిన పాపములో కొంత భాగము, అలసి కనుమూసిన గర్భిణి తలకు జుట్టబడినది!

ప్రహ్లాదుని కథ భాగవత సప్తమస్కంధమున నున్నది. హిరణ్యకశిపుడు తపస్సునకేగియుండగా నింద్రుడు ఆతని భార్యను చెరపట్టెను. నారదు డడ్డుపడి యామెను తన యాశ్రమమున నుంచి ధర్మము నుపదేశించెను. గర్భమునందలి ప్రహ్లాదుడు దానిని మరువలేదు. తల్లియో, కాలము చాల గడచుటవలనను స్త్రీ యగుటవలనను మరచిపోయినదని యాతడే తోడి బాలురతో చెప్పును. చదువరులారా, ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెండింటను చెప్పువాడు పురుషుడు, ఫలము కుమారునకు. నడుమ తల్లి యొక వాహిక మాత్రమే. ఒకతె నిదురించును, ఇంకొకతె మరచును. నోరు విప్పి కథ చెప్పిన తల్లి రెండింటను లేదు.

ఆ తల్లి మన తెలుగు స్త్రీల పాటలలో నున్నది. వాల్మీకి నలుగురు కుమారుల జననమును కొలది శ్లోకములలో ముగించెను. మన స్త్రీలు కౌసల్య వేవిళ్లను, నొప్పులను, మంత్రసాని రాకను సవిస్తరముగా పాడుకొనిరి. అట్టి పాటలను కృష్ణశ్రీ సేకరించి సంపాదించిన సంపుటము 1955లో వెలువడినది. మా నాయనమ్మ కీ పాటలు కంఠస్థము. ఆమె చిన్ననాటనే భర్తను గోల్పోయినది. ఊరిలో నెవరింట సీమంతమైనను పాట కామెను పిలిచెడివారు. పేరంటమునకు పిలిచెడివారు కారు. ముందుగదిలో ముత్తైదువులు పసుపుకుంకుమలు పంచుకొనుచుండగా, ఆమె వంటయింటి గడప కావల కూర్చుండి కౌసల్య వేవిళ్లు పాడెడిది. ఆమెకు వ్రాత రాదు. వ్రాసికొనవలెనని మాకును దోచలేదు. ఆమెతోడనే మా యింటి పాటలలో సగము పోయినవి.

ఆమె వంటివారు చదువనేర్చియుండినచో? ఈ ప్రశ్నకు గత శతాబ్దములలో నుత్తరము వెదకినవారున్నారు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడెను. అందలి కథలు పుట్టుకచేత రాజకుమారుల పాఠములు. బాలికల ప్రసక్తి యందు లేదు. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించి, 1883లో సతీహితబోధినియను స్త్రీల పత్రికను నడపిరి. భండారు అచ్చమాంబగారు 1901లో అబలాసచ్చరిత్ర రత్నమాలను బ్రకటించి, స్త్రీల కథలను స్త్రీయే వ్రాయగలదని చూపిరి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల బాల 1945లోను, చందమామ 1947 జులైలోను మద్రాసునుండి పుట్టినవి. చందమామ యారు దశాబ్దములకు పైగా నడచి యాగిపోయినది. దానిని మొదట బిడ్డలకు చదివి వినిపించినవారు, అంతకు పూర్వము బడికిపోయిన తల్లులే. బాలికల బడులు లేకున్నచో బాలుర పత్రికలకును శ్రోతలు తగ్గియుందురు.

ఇచ్చట నొక నవీన పరిశోధనను జెప్పవలెను. 1986లో డీకాస్పర్, స్పెన్స్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు తమ ఫలితములను బ్రకటించిరి. కొందరు గర్భిణులు ప్రసవమునకు ముందటి యారు వారములు దినమునకు రెండుసారులు టోపీ పెట్టుకొన్న పిల్లి కథ వంటి యొక కథాభాగమును బిగ్గరగా చదివిరి. పుట్టిన శిశువులకు చన్ను కుడుచుటకు వలెనే యొక పీక నిచ్చి, వారు పీల్చు తీరును బట్టి యా కథయో క్రొత్త కథయో వినబడునట్లు చేసిరి. శిశువులు గర్భమున వినిన దానినే యెక్కువగా గోరిరి. మరియొక స్త్రీ చదివినను దానిని గుర్తించిరి. శిశువునకు కథార్థము తెలిసెనని దీని భావము కాదు. లయ, ధ్వని పరిచయమయ్యెనని మాత్రమే. పద్మవ్యూహ రహస్యము గర్భమున నెవరికిని బట్టుపడదు. అయినను తల్లి గొంతు, ఆ గొంతున మెదలిన మాటల నడక బిడ్డకు జేరును. తల్లి నిదురించినచో నేమియు నష్టము లేదు. మేల్కొనియున్నపుడు తానే పలికినచో లాభము కలదు.

మా యింటి తగవు పుస్తకములతో ముగియలేదు. మేనగోడలు నాతో చెప్పిన రెండవ కోరికను నేనింతవరకు దాచితిని. మొదటి కథను తన పెద్దమ్మ చదువవలెనని యామె పట్టుబట్టినది. ఆ పెద్దమ్మ మా యక్కగారు. ఈ పిల్లకు అక్షరములు దిద్దించినదియు, రాత్రులు కథలు చదివి నిద్రపుచ్చినదియు నామెయే. పదేండ్ల క్రిందట ఆమె భర్తను గోల్పోయినది. పుస్తకముల మాటకు మెత్తబడినవారు కూడ నీ మాటకు ముఖములు ముడుచుకొనిరి.

శాస్త్రమును దాచుట నాకిష్టము లేదు. భర్తయు బిడ్డలును సజీవులై యున్న వృద్ధస్త్రీ లేమి చెప్పిన నట్లు చేయవలెనని యాశ్వలాయనుడీ ప్రకరణముననే చెప్పెను. నా వాదమునకు వ్యతిరేకమైన పదములు అందే యున్నవి. కాని సూత్రకారుడా స్త్రీలకిచ్చిన దేమి? ఆచారమును నిర్ణయించు నధికారము. పురోహితుడు గాని, నేను గాని కాదు, ఇంటి వృద్ధస్త్రీ చెప్పినదే యా దినమున ప్రమాణము. కాబట్టి నేను వాదము మాని, మా వంశమున నందరికంటె పెద్ద ముత్తైదువ యగు మా అమ్మమ్మ చెల్లెలి కడకు బోయి, సూత్రార్థమును తెలిపి, "చిన్నమ్మమ్మా, నీ మాట ఏమిటి?" అని యడిగితిని. ఆమె కొంతసేపు తమలపాకులు తుడుచుచు నూరకుండి, "దాని నోటి కథలు విని పెరిగిన పిల్లేగా ఇది. దాని నోరు చెడ్డదైతే పిల్ల ఇంత బాగా ఎలా ఉంది? చదవనీ, ముందు వరసలో కూర్చుని చదవనీ" అనెను. ఇంతటి తర్కము నాకే శాస్త్రమునను దొరకలేదు.

నా తీర్పు చెప్పి ముగించెదను. సీమంతమున కథ యుండుట మన పూర్వాచారమునకు విరుద్ధము కాదు. పిలువబడినవారు వెండికి బదులు తెలుగు కథల పుస్తకము తెచ్చి, అందు తమ పేరును, తమ యూరి యేటి పేరును వ్రాయుదురు గాక. వేడుక యలంకారములకు వేలు వెచ్చింపక, వానిలో కొంత గర్భిణి వైద్యమునకును ఆహారమునకును మిగుల్తురు గాక. వచ్చిన పుస్తకములను బీరువాలో బొమ్మలవలె నుంచక, గర్భిణియే దినమున కొక పుట బిగ్గరగా చదువుకొనవలెను. ఇంటిలో కథలెరిగిన ముసలమ్మ యున్నచో, ఆమె కట్టిన చీర రంగును జూడక ముందు పీట వేసి, ఆమె చెప్పినది వ్రాసికొనుడు. మా నాయనమ్మ విషయమున మేము చేసిన తప్పును మీ యింట జరుగనీయకుడు.