మట్టిల బొక్కలేరిన దొరసాని

పుల్లలు కొంచెం ఎగదోయుండ్రి. వీడు మిర్యాలగూడ దిక్కుకెల్లి నాపరాయి ముక్క తెచ్చి, ‘తాతా, ఇండ్ల పాతకాలపు బొక్కలుంటయా’ అని ఒకటే సతాయిస్తుండు. ఉండయిరా. వాడపల్లి, మట్టపల్లి దిక్కు సున్నపురాయి, బొక్కలున్న జీవాలు పుట్టకముందటిది. బొక్కలు కావాల్నంటే గోదారి ఒడ్డుకు పోవాలె. యామన్‌పల్లిల దొరికిన కోటాసారస్‌ను హైదరాబాద్ బిర్లా మ్యూజియంల నిలవెట్టిన్రు.

అసొంటి బొక్కలేరిన దొరసాని ఒకామె ఇంగ్లండుల ఉండె. బార్బరా. 1810ల పుట్టింది, అదే ఏడు తండ్రి పోయిండు. తొట్టెల ఉండంగనే జమీందారీ బిరుదు ఆమెదైంది. 1831ల హేస్టింగ్స్ దొరల ఇంటికి కోడలైంది.

ఆ మామ సంగతి జర ఇనుండ్రి, మనకు తగిలేది ఆడనే. 1813 నుంచి పదేండ్లు గవర్నర్ జనరల్ ఆయనే. హైదరాబాద్‌ల పామర్ కంపెనీ నిజాం సర్కారుకు వడ్డీకి అప్పులిస్తుండె. తెల్లోళ్ళు నవాబులకు అప్పులియ్యాల్నంటే గవర్నర్ జనరల్ ఒప్పుకోవాలె. ఈయన 1816ల ఒప్పుకుండు. ఆ కంపెనీల వాటాదారు రంబోల్డ్ పెండ్లామేమో ఈయన ఇంట్ల పెరిగిన పిల్ల! చూసేటోళ్ళు ఊకుంటరా? 1820ల 60 లక్షల అప్పు బయటవడ్డది, దొర పేరు చెడ్డది. ఆ బాకీ తీర్చనీకి ఉత్తర సర్కార్ల మీద ఏటేటా వచ్చే 7 లక్షల పేష్కష్‌ను నిజాం ఈస్టిండియా కుంఫణీకి వదులుకుండు. కోదాడ దాటి జగ్గయ్యపేట పోతే, అప్పట్ల అది ఆ సర్కార్ల నేలనే.

కోడలికి ఇవేం పట్టలే. హాంప్‌షైర్‌ల హోర్డెల్ అని సముద్రపు గట్టు ఉంటది, ఎప్పుడూ ఇరిగిపడుతనే ఉంటది. మూడున్నర కోట్ల ఏండ్ల కింద ఆడ ఎచ్చటి చిత్తడి నేల, మొసళ్ళు, తాబేళ్ళు. ముక్కలు ముక్కలైన పుర్రెలను, డిప్పలను ఇంటికి తెచ్చి ఓపికగ అతికిచ్చేది. ఏ పొర కింద ఏ పొర ఉన్నదో లెక్క రాసుకునేది. నన్నడిగితే బొక్కలకంటే ఆ లెక్కనే గొప్పది. రిచర్డ్ ఓవెన్ పండితుడు ఒక మొసలికి ఆమె పేరే పెట్టిండు.

1844ల మొగడు పోయిండు. మరుసటేడు నౌకాదళం కెప్టెన్‌ను మనువాడింది. 1851ల పెద్దకొడుకు డబ్లిన్‌ల నీళ్ళల్ల మునిగి పోయిండు, వానికి 18 ఏండ్లు. 1855ల తన బొక్కలన్నీ బ్రిటిష్ మ్యూజియంకు అమ్మింది. 1858ల రోమ్‌ల కన్ను మూసింది.

మిగిలిన కొడుకు హెన్రీకి గుర్రాల పిచ్చి. ఇంకొకని పెండ్లిపిల్లను లేపుకపోయిండు. 1867 డెర్బీ గుర్రపు పందేలల్ల ఆ మోసపోయినోని గుర్రం ‘హెర్మిట్’ ఓడుతదని పందెం కాసిండు. అది గెలిచింది! లక్షా 20 వేల పౌండ్లు పోయినయి. ఏడాది తిరిగేసరికి వాడూ పోయిండు, 26 ఏండ్లకే. హేస్టింగ్స్ దొరల మార్క్విస్ బిరుదు వానితోనే ఆగిపోయింది.

తిట్టకుండ్రి పాపం. ఆ తల్లికి కూడ జూదమంటే మస్తు ఇష్టమంటరు.