దాచుకునే పిస్తోలు – గురి చూసే పిస్తోలు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

చేతి తుపాకి చరిత్రను రాసినవారు ఎక్కువగా యుద్ధాలను, సైనిక పరీక్షలను, పేటెంట్లను ఆధారం చేసుకున్నారు. సామాన్య పౌరుడు జేబులో దాచుకున్న పిస్తోలుకు ఆ గ్రంథాలలో దక్కిన చోటు తక్కువ. అయితే అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దాదాపు రెండు శతాబ్దాలుగా ఆ చిన్న ఆయుధం రూపాన్ని నిర్ణయించినది యుద్ధరంగం కాదు. దుస్తుల కుట్టు, నగర జీవితపు భయం, శాసనసభల చట్టం, అభ్యాస మైదానంలోని పోటీ అనే నాలుగూ కలిసి దానిని మలచాయి. దాచుకోవడానికి అనువైన లక్షణాలు గురి చూడడానికి ప్రతికూలమైనవి. ఈ వైరుధ్యాన్ని పనివారు, చట్టకర్తలు, క్రీడాకారులు ఏయే విధాలుగా ఎదుర్కొన్నారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందులోని సాంకేతిక సూత్రం సులభమైనదే. పిస్తోలు మీద ముందొకటి, వెనుకొకటి గురిగుర్తులు ఉంటాయి. వాటి మధ్య దూరం సగానికి తగ్గితే, చేతి వణుకు వల్ల కలిగే అదే తేడా లక్ష్యం వద్ద రెట్టింపు అవుతుంది. ఆయుధం బరువు తగ్గేకొద్దీ అదే తూటా చేతిని మరింత బలంగా వెనక్కి తన్నుతుంది. పిడి పొట్టిదైతే చిటికెన వేలికి ఆనిక ఉండదు. కాబట్టి జేబుకు సుఖమైన ప్రతి మార్పూ చేతికి కష్టమే.

డెరింజర్ పేరు

1786లో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో జన్మించిన హెన్రీ డెరింజర్ ఫిలడెల్ఫియాలో తుపాకుల కార్ఖానా నడిపాడు. సైన్యానికి బందూకులు చేసి ఇచ్చినా, ఆయన పేరు నిలిచింది మాత్రం అరచేతిలో ఇమిడే ఒంటి తూటా పిస్తోలు వల్లనే. ఒక్కసారి పేల్చగానే దాని పని ముగుస్తుంది కనుక వీటిని సాధారణంగా జంటలుగా అమ్మేవారు. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్ నాటకశాలలో అధ్యక్షుడు లింకన్‌ను జాన్ విల్క్స్ బూత్ కాల్చినది ఇటువంటి పిస్తోలుతోనే. దాని మొత్తం పొడవు ఆరంగుళాలకు మించదు.

ఈ పిస్తోలు ఎంత ప్రసిద్ధమైందో తెలియడానికి దాని నకళ్లే సాక్ష్యం. ఆయన వద్ద పనిచేసి వెళ్లినవారే అదే పేరు చెక్కి అమ్మారు. డెరింజర్ అనే ఇంటిపేరున్న ఒక దర్జీని వెదికి పట్టుకొని, అతని పేరును పిస్తోళ్లపై వేసిన ఘనులు కూడా ఉన్నారు. డెరింజర్ వేసిన దావాలో 1865లో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. వ్యాపార చిహ్నాల న్యాయచరిత్రలో ఆ తీర్పును నేటికీ ప్రస్తావిస్తారు. ఆయన ఇంటిపేరే, వర్ణక్రమంలో ఒక అక్షరాన్ని అదనంగా చేర్చుకొని, జేబు పిస్తోలుకు సామాన్యనామంగా ఇంగ్లీషులో స్థిరపడింది. రెమింగ్టన్ సంస్థ 1866 నుంచి 1935 వరకు తయారుచేసిన రెండు గొట్టాల చిన్న పిస్తోలుకు కూడా ఈ పేరే అన్వయించింది.

అదే కాలంలో శామ్యూల్ కోల్ట్ 1849 జేబు రివాల్వర్ మూడు లక్షలకు పైగా తయారైంది. సైన్యం కోసం చేసిన కోల్ట్ నమూనాలు కథలకెక్కాయి. సంఖ్యలో వాటిని మించినది మాత్రం ఈ చిన్నదే.

చట్టం ఎవరి జేబు తడిమింది?

దాచిన ఆయుధంపై అమెరికన్ సమాజానికి తొలినుంచీ అనుమానమే. బహిరంగంగా ధరించినవాడు నిజాయితీపరుడనీ, దాచినవాడు దురుద్దేశం గలవాడనీ పందొమ్మిదవ శతాబ్దపు నీతి. కెంటకీ, లూసియానా రాష్ట్రాలు 1813లోనే దాచిన ఆయుధాలపై చట్టాలు చేశాయి. కెంటకీ చట్టాన్ని 1822లో ఆ రాష్ట్ర న్యాయస్థానమే కొట్టివేసింది.

చర్చించవలసినది 1879 నాటి టెనెసీ చట్టం. సైన్యం, నౌకాదళం వాడే నమూనాలు తప్ప మిగిలిన పిస్తోళ్ల అమ్మకాన్ని అది నిషేధించింది. పైకి చూస్తే ఇది దాచుకోవడానికి వీలైన చిన్న ఆయుధాలపై నిషేధం. కానీ సైనిక నమూనాలు ఖరీదైనవి. అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన శ్వేతజాతీయుల ఇళ్లలో అవి అప్పటికే ఉన్నాయి. చవక పిస్తోలు తప్ప మరొకటి కొనలేనివారు బానిసత్వం నుంచి కొత్తగా విముక్తులైన నల్లజాతివారు, పేద శ్వేతజాతీయులు. చట్టంలో జాతి ప్రస్తావన లేకపోయినా దాని భారం ఎవరి మీద పడిందో కొందరు చరిత్రకారులు ఎత్తిచూపారు. ఆ వాదనతో ఈ వ్యాసకర్తకు ఏకీభావమే. ధర కూడా ఒక శాసనమే అని ఇక్కడ గ్రహించాలి.

న్యూయార్క్‌లో 1910లో మేయర్ విలియం గేనర్‌పై కాల్పులు జరిగాయి. మరుసటి ఏడాది నవలాకారుడు డేవిడ్ గ్రాహం ఫిలిప్స్ హత్యకు గురయ్యాడు. 1911లోనే వచ్చిన సల్లివన్ చట్టం దాచుకోదగిన తుపాకికి అనుమతిపత్రాన్ని తప్పనిసరి చేసింది. దీనితో ‘ఎవరు అర్హులు’ అనే ప్రశ్న అధికారి విచక్షణకు చేరింది. ఆ విచక్షణ ఎలా పనిచేయగలదో వేరొక రాష్ట్రంలో, వేరొక కాలంలో జరిగిన ఒక ఘటన తెలుపుతుంది. 1956 జనవరి 30న అలబామాలోని మాంట్‌గమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిపై బాంబు వేశారు. ఆ తరువాత ఆయన తుపాకి అనుమతికి దరఖాస్తు చేయగా స్థానిక అధికారులు నిరాకరించారు. ఆయన అహింసామార్గంలో స్థిరపడి ఆయుధాన్నే వదిలివేయడం వేరే విషయం. ఇంటిమీద బాంబు పడిన మనిషికే ప్రాణభయం నిరూపణ కాలేదు! న్యూయార్క్ చట్టంలోని ‘తగిన కారణం’ చూపాలన్న నిబంధనను 2022 జూన్ 23న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

ఫిట్జ్‌గెరాల్డ్ పనిబల్ల

కార్ఖానాలో చేసిన ఆయుధాన్ని వ్యక్తి అవసరానికి తగినట్లు మార్చుకోవడంలో జాన్ హెన్రీ ఫిట్జ్‌గెరాల్డ్ పేరును ముందుగా చెప్పాలి. 1918లో కోల్ట్ సంస్థలో చేరిన ఆయన జాతీయ పోటీలు జరిగే క్యాంప్ పెర్రీలో గురికాండ్రకు సుపరిచితుడు. భారీ రివాల్వర్ గొట్టాన్ని రెండంగుళాలకు కోసి, జేబు గుడ్డకు తగులుకునే హామర్ కొక్కేన్ని తొలగించి, పిడి మూలలను గుండ్రంగా చేసి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కాపు ముందుభాగాన్ని కూడా కోసివేసేవాడు. లావువేళ్ల మనిషికి, చేతితొడుగు వేసుకున్నవాడికి ట్రిగ్గర్ త్వరగా అందాలని దీని ఉద్దేశం. ఇటువంటివి రెండింటిని తన ప్యాంటు ముందు జేబుల్లోనే ఉంచుకునేవాడు.

1927లో కోల్ట్ సంస్థ విడుదల చేసిన ‘డిటెక్టివ్ స్పెషల్’ ఈ ఆలోచనకు దగ్గరిదే. గొట్టం రెండంగుళాలు, కానీ ట్రిగ్గర్ కాపు పూర్తిగా ఉంది, హామర్ కొక్కెమూ ఉంది. నిపుణుడు తన చేతి మీది నమ్మకంతో తీసివేసిన రక్షణను, ఎవరికి అమ్ముతున్నదో తెలియని సంస్థ తీసివేయలేదు. కాపు లేని ట్రిగ్గర్ జేబులో దేనికి తగిలినా ప్రమాదమే కనుక సంస్థ వివేకమే మెచ్చదగినది. హామర్ సమస్యకు స్మిత్ అండ్ వెసన్ సంస్థ వేరే దారులు వెదికింది. 1887లోనే హామర్‌ను లోపల దాచి, పిడిని గట్టిగా అదిమితే తప్ప పేలని రివాల్వర్‌ను తెచ్చింది. 1950లో ఐదు తూటాల ‘చీఫ్స్ స్పెషల్’ను కొలరాడో స్ప్రింగ్స్‌లోని పోలీసు అధిపతుల సమావేశంలో ప్రదర్శించింది, ఆ పేరు అక్కడే వచ్చింది.

అభ్యాస మైదానం

క్యాంప్ పెర్రీ పోటీలలో గురికాడు పొడవైన గొట్టం గల పిస్తోలును ఒంటిచేత్తో, తీరికగా ఎక్కుపెట్టేవాడు. జేబు రివాల్వర్ ధరించేవాడికి ఆ అభ్యాసం అంతగా అక్కరకు రాదు. 1950ల చివర కాలిఫోర్నియాలోని బిగ్ బేర్‌లో జెఫ్ కూపర్ నిర్వహించిన పోటీలలో లాస్ ఏంజెలెస్ కౌంటీ డిప్యూటీ జాక్ వీవర్ రెండు చేతులతో పట్టి, కంటి ఎత్తుకు తెచ్చి గెలిచాడు. ఆ భంగిమకు ఆయన పేరే నిలిచింది. నిజజీవితానికి దగ్గరగా ఉండాలనే కూపర్ నాయకత్వంలో 1976లో అంతర్జాతీయ పోటీ సమాఖ్య ఏర్పడింది. ఇరవై ఏళ్లలో అక్కడి పిస్తోళ్లకు ఎగుదెబ్బను తగ్గించే సాధనాలు, ఎలక్ట్రానిక్ గురిసాధనాలు చేరి, చొక్కా కింద దాచడం అసాధ్యమైంది. దీనితో విసిగినవారు 1996లో నిత్యం ధరించే ఆయుధాలకే పరిమితమైన మరో సంఘాన్ని స్థాపించారు. గెలవాలన్న కోరిక ఉన్నచోట ఆయుధం పెద్దదవుతూనే ఉంటుంది.

చట్టం తయారీని మలచిన మరో ఉదాహరణ కూడా ఈ దశాబ్దానిదే. 1994 నాటి సమాఖ్య చట్టం పౌరులకు అమ్మే కొత్త మ్యాగజైన్లను పది తూటాలకు పరిమితం చేసింది. పదే గరిష్ఠమైనప్పుడు పిస్తోలు పెద్దదిగా ఎందుకుండాలి? 1995లో గ్లాక్ 26 పది తూటాల పొట్టి పిస్తోలుగా వెలువడింది. 1987లో ఫ్లోరిడా, ఆ తరువాత అనేక రాష్ట్రాలు అనుమతిపత్రాలను సులభతరం చేయడంతో కొనేవారు సిద్ధంగా ఉన్నారు. పరిమితి 2004లో తొలగింది. పొట్టి పిస్తోలు మాత్రం మిగిలింది.

భారతీయ సందర్భం

ఇక్కడి చరిత్ర వేరు. 1878 ఆయుధ చట్టం భారతీయులకు అనుమతిపత్రాన్ని విధించి, యూరోపియన్లకు మినహాయింపులిచ్చింది. స్వతంత్ర భారతంలో 1959 చట్టం కూడా నియంత్రణను కొనసాగించింది. దాని ఆరవ సెక్షన్ ప్రకారం ప్రత్యేక అనుమతి లేకుండా తుపాకి గొట్టాన్ని పొట్టి చేయడం నేరం. ఫిట్జ్‌గెరాల్డ్ పనిబల్లకు ఇక్కడ చోటుండేది కాదు. సైన్యం, పోలీసులు వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోళ్లు సాధారణ పౌరులకు నిషిద్ధం. అందువల్ల మన ప్రభుత్వ కర్మాగారాల పౌర రివాల్వర్ ఎక్కువగా .32 తూటాతో వస్తుంది. ఆ తూటా 1896లో స్మిత్ అండ్ వెసన్ రూపొందించినది. అమెరికాలో అది ఏనాడో వెనుకబడింది. ఇక్కడ చట్టమే దానికి ఆయుష్షు పోసింది.

2014 జనవరిలో కాన్పూర్ కర్మాగారం మహిళల ఆత్మరక్షణ కోసమంటూ ‘నిర్భీక్’ అనే తేలిక రివాల్వర్‌ను విడుదల చేసింది. బరువు సుమారు అరకిలో. ఢిల్లీ దుర్ఘటన బాధితురాలికి ప్రజలు పెట్టిన పేరును స్ఫురింపజేసేలా దానికి నామకరణం చేశారు. అప్పటి ధర 1,22,360 రూపాయలు. రాత్రివేళ బస్సు కోసం వేచి ఉండే స్త్రీలలో ఆ మొత్తం చెల్లించి, ఆపై అనుమతిపత్రం సంపాదించగలిగేవారు ఎందరన్న ప్రశ్న అప్పుడే వెలువడింది.