హత్యలు, ఆత్మహత్యలు: దేశాల లెక్కల వెనుక ఉన్న చరిత్ర

ఈ వ్యాసాన్ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మన దేశంలో ఒక సంవత్సరంలో హత్యకు గురయ్యేవారు ఎక్కువా, తమ ప్రాణం తామే తీసుకొనేవారు ఎక్కువా? చదవడం ఒక్క నిమిషం ఆపి, మనసులో ఒక జవాబు అనుకోండి.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో నమోదైన హత్యలు 28,522. ఆత్మహత్యలు 1,70,924. అంటే ఒక హత్యకు ఆరు ఆత్మహత్యలు. ప్రపంచమంతటినీ కలిపి చూసినా పరిస్థితి ఇంచుమించు ఇదే. 2021లో ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం హత్యలు 4,58,000. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసిన ఆత్మహత్యలు 7,27,000. రాత్రి పడుకొనే ముందు మనం తలుపు గడియ వేసేది బయటివాడికి భయపడి. అంతకన్నా పెద్ద ప్రమాదం గడియ లోపలే ఉంటుందని ఈ అంకెలు చెబుతున్నాయి.

అయితే ఒక దేశంలో హత్యలు ఎక్కువ, మరొక దేశంలో ఆత్మహత్యలు ఎక్కువ ఎందుకుంటాయి? ఈ ప్రశ్నకు దాదాపు నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది. జవాబు మాత్రం చాలాకాలం తప్పుదారిలో నడిచింది. ఆ దారి ఎక్కడ మళ్లిందో తెలుసుకోవడం మన ఇళ్లకూ మన పల్లెలకూ ఎంతో అవసరం.

లండన్ వర్తకుడి లెక్క

పదిహేడవ శతాబ్దపు లండనులో ప్రతి వారం మరణాల పట్టిక అచ్చయ్యేది. ప్లేగు ఎప్పుడు విరుచుకుపడుతుందో ముందుగా తెలుసుకోవడానికి ధనికులు దానిని కొని చదివేవారు. జాన్ గ్రాంట్ అనే ఆయన వైద్యుడు కాడు. కుట్టుసామాను, గుండీలు వంటివి అమ్ముకొనే వర్తకుడు. ఆయన ఇరవై సంవత్సరాల పట్టికలను ముందు వేసుకొని, 2,29,250 మరణాలను కారణాల వారీగా విడదీసి 1662లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆధునిక ఆరోగ్య గణాంకశాస్త్రానికి అదే పునాది అంటారు.

ఆ పట్టికలో హత్యకు గురైనవారు 86 మంది. తమను తాము చంపుకొన్నవారు 222 మంది. అంటే ఆనాటి లండనులో కూడా రెండోది మొదటిదానికి రెండున్నర రెట్లు. ఆ పక్కనే మరో వరుస ఉంది: ‘దుఃఖం’ వల్ల మరణించినవారు 279 మంది. ఆ వరుసలో ఎవరి కథలు దాగి ఉన్నాయో మనకు ఎన్నటికీ తెలియదు.

గ్రాంట్ అక్కడితో ఆగలేదు. పారిస్ నగరంలో హత్య జరగని రాత్రులు అరుదని, లండనులో హత్యలు స్వల్పమని పోల్చారు. అందుకు రెండు కారణాలు చూపించారు. లండనులో పౌరులే వంతులవారీగా కాపలా కాయడం మొదటిది. రక్తపాతం అంటే ఆంగ్లేయులకు సహజంగానే ఏవగింపు ఉండటం రెండవది. మొదటి కారణం వ్యవస్థకు సంబంధించినది, దానిని మార్చవచ్చు. రెండవది జాతి స్వభావానికి సంబంధించినది. దానిని ఎవరు మార్చగలరు? తరువాతి రెండు శతాబ్దాల పండితులలో చాలామంది ఈ రెండవ కారణాన్నే పట్టుకొన్నారు.

ఒకే నీరు, రెండు కాలువలు

1833లో ఆంద్రే మిషెల్ గెరీ అనే ఫ్రెంచి న్యాయవాది తన దేశంలోని నేరాలను, ఆత్మహత్యలను జిల్లాల వారీగా పటాలలో రంగు ముదురు, లేత ఛాయలతో చూపించారు. మనుషులపై దాడులు దక్షిణాన ఎక్కువగా, ఆత్మహత్యలు పారిస్ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించాయి. ఇటలీలో మనోవైద్యుడు ఎన్రికో మోర్సెల్లి 1879లో ఐరోపా దేశాలన్నింటి ఆత్మహత్యల లెక్కలను గుదిగుచ్చారు. ఆయన, నేరశాస్త్రవేత్త ఎన్రికో ఫెర్రి కలిసి ఒక సూత్రం ప్రతిపాదించారు: హత్యా ఆత్మహత్యా ఒకే నీరు పారే రెండు కాలువలు; ఒక కాలువలో నీరు పెరిగితే రెండవదానిలో తగ్గుతుంది. కోపం బయటికి పారే జాతులు చంపుతాయని, లోపలికి పారే జాతులు చస్తాయని దాని సారాంశం.

1897లో ఆత్మహత్యలపై గొప్ప గ్రంథం రాసిన ఎమిల్ డర్క్‌హైమ్ ఈ సూత్రాన్ని పరీక్షించారు. కొన్నిచోట్ల రెండూ ఎదురెదురుగా కదులుతాయని, మరికొన్నిచోట్ల చేయీ చేయీ పట్టుకొని పెరుగుతాయని చూపించారు. సమాజపు కట్లు తెగిపోయిన కాలంలో రెండూ ఒకేసారి పెరగవచ్చునని హెచ్చరించారు.

ఇప్పటి ప్రపంచాన్ని పైపైన చూస్తే పాత సూత్రమే నిజమనిపిస్తుంది. జపానులో హత్యల రేటు లక్ష జనాభాకు అర కన్నా తక్కువ. ఆత్మహత్యల రేటు మాత్రం పదిహేను దాటింది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోరులో 2015లో ముఠాల పోరు కారణంగా హత్యల రేటు లక్షకు వంద దాటింది. అయితే మరికొన్ని దేశాలను చూడండి. ఇటలీలో రెండూ తక్కువే. అమెరికాలో 2021లో 26,031 హత్యలు, 48,183 ఆత్మహత్యలు జరిగాయి. సంపన్న దేశాల మధ్య ఈ రెండు రేట్లూ ఎక్కువే. ఆ ఏడాది అక్కడ తుపాకీ వల్ల మరణించినవారిలో సగానికి పైగా తమపైనే కాల్చుకొన్నవారు.

రష్యా కథ మరింత స్పష్టమైనది. 1985లో గోర్బచేవ్ మద్యంపై కట్టడి విధించినప్పుడు ఆ దేశంలో హత్యలూ ఆత్మహత్యలూ కలిసే తగ్గాయి. కట్టడి సడలి, సోవియట్ వ్యవస్థ కూలిపోయాక రెండూ కలిసే పెరిగాయి. 2000 నాటికి లక్షకు హత్యలు సుమారు 28, ఆత్మహత్యలు సుమారు 39. తరువాతి రెండు దశాబ్దాలలో రెండూ సగానికి పైగా తగ్గాయి. ముప్పై అయిదేళ్లలో ఒక జాతి స్వభావం అన్నిసార్లు మారిపోదు. మారింది మద్యం లభ్యత, బతుకుతెరువు, వ్యవస్థపై నమ్మకం.

ఎవరు లెక్కించారు? ఏమని రాశారు?

ఏ దేశపు అంకెనైనా నమ్మే ముందు అది ఎలా పుట్టిందో అడగాలి. గ్రాంట్ కాలంలో శవాన్ని చూసి మరణకారణం చెప్పేవారు చర్చి నియమించిన వృద్ధస్త్రీలు. ఒక గ్లాసు బీరు, కొద్దిపాటి లంచం ముట్టితే సుఖవ్యాధితో పోయినవాడిని క్షయతో పోయినట్లు రాయించేవారని గ్రాంటే ఫిర్యాదు చేశారు. ఇంగ్లాండులో 1870 వరకు మరొక చిక్కు ఉండేది. తెలివి ఉండి ప్రాణం తీసుకొన్నవాడి ఆస్తిని రాజు స్వాధీనం చేసుకోవచ్చు. అందువల్ల మృతుని భార్యాబిడ్డలు వీధిన పడకూడదని, అతడు మతిస్థిమితం లేనివాడని జ్యూరీలు జాలితో తీర్పు చెప్పేవి.

మన దగ్గర ఇలాంటివి లేవనుకోకండి. దినపత్రికలో ‘కడుపునొప్పి తాళలేక పురుగుల మందు తాగి’ అనే మాటను మీరు ఎన్నిసార్లు చదివి ఉంటారు? నా ఉద్యోగ జీవితంలో క్యాజువాలిటీలో ఆ వాక్యాన్ని నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. అప్పులు, తాగుడు, అత్తవారింటి వేధింపులు, తప్పిన పరీక్ష, అన్నీ ఆ ఒక్క కడుపునొప్పిలో ఇమిడిపోయేవి. కాలిన గాయాలతో వచ్చిన కోడలి పక్కన నిలబడినవారు ‘వంట చేస్తుంటే స్టవ్ పేలింది’ అనేవారు. ఆ మంట ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా? ఈ సందేహం తీరకే 1986లో మన శిక్షాస్మృతిలో వరకట్న మరణం అనే ప్రత్యేక నేరాన్ని చేర్చారు. 2022లో నమోదైన 6,450 వరకట్న మరణాలు, పైన చెప్పిన 28,522 హత్యలలో కలవవు. వాటి లెక్క వేరు.

పైగా 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసింది. నేరమైనప్పుడు కుటుంబం దాచక ఏం చేస్తుంది? 2010లో పోలీసు లెక్కల్లో ఆత్మహత్యలు సుమారు 1,34,600. దేశవ్యాప్తంగా ఇంటింటి విచారణ ఆధారంగా జరిగిన అధ్యయనం అదే సంవత్సరానికి వేసిన అంచనా 1,87,000. ఆ ఫలితాలు 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. కనుక 2022లో బిహారు రేటు లక్షకు ఒకటికన్నా తక్కువ, తెలంగాణ రేటు 26కు పైగా అని చదివినప్పుడు, ఆ తేడాలో దుఃఖం పాలెంత, నమోదు పాలెంత అని మీరు తప్పక అడగాలి. అయినా మనం నిశ్చింతగా ఉండే వీలు లేదు. ఆ ఇంటింటి అధ్యయనంలో కూడా దక్షిణాది రాష్ట్రాల రేట్లే ఎక్కువగా తేలాయి. చనిపోయినవారిలో దాదాపు సగం మంది విషం తాగినవారు. అందులో ప్రధానమైనది పురుగుల మందు.

అంకెలను మార్చిన రెండు ద్వీపాలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1963లో ఇంగ్లాండు, వేల్సులలో 5,714 మంది ఆత్మహత్య చేసుకొన్నారు. వారిలో 2,368 మంది మరణానికి కారణం ఇళ్లకు గొట్టాల ద్వారా వచ్చే బొగ్గు వాయువు. ఆ తరువాతి సంవత్సరాలలో ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి బొగ్గు వాయువుకు బదులు విషం లేని సహజవాయువును ఇళ్లకు అందించింది. ఆత్మహత్యలు నివారించాలన్న ఉద్దేశం అందులో లేదు. 1975 నాటికి వాయువు మరణాలు 23కు పడిపోయాయి. వారందరూ వేరే దారి వెతుక్కొన్నారా? లేదు. మొత్తం ఆత్మహత్యలు 3,693కు, అంటే మూడింట ఒక వంతుకు పైగా తగ్గాయి. దేశం అదే, ప్రజలు అదే, కష్టాలూ అవే. చేతికి అందే దూరంలో విషం మాత్రం లేదు.

రెండవ ద్వీపం మన పొరుగున ఉన్న శ్రీలంక. 1950లో అక్కడి రేటు చాలా తక్కువ. హరితవిప్లవంతో పురుగుల మందులు ప్రతి గుడిసెకూ చేరాక 1995 నాటికి అది లక్షకు 47కు ఎగబాకింది. ‘ద్వీపవాసుల స్వభావం, అంతర్యుద్ధం’ అన్నారు. ప్రభుత్వం మాత్రం అత్యంత విషపూరితమైన మందులను 1984లో కొన్నింటిని, 1995లో మరికొన్నింటిని, 1998లో ఇంకొకదానిని నిషేధించింది. యుద్ధం 2009 వరకు సాగుతూనే ఉంది. అయినా 2005 నాటికి రేటు సగమైంది. ఆ తరువాత ఇంకా తగ్గింది. పంటల దిగుబడి దెబ్బతినలేదు. 1995 నుంచి 2015 వరకు ఈ నిషేధాలు సుమారు 93,000 ప్రాణాలను కాపాడాయని పరిశోధకులు అంచనా వేశారు.

వైద్యుడిగా నన్ను ఆలోచింపజేసిన వివరం ఒకటి ఉంది. నిషేధాల తరువాత కూడా మందు తాగి ఆసుపత్రికి వచ్చేవారి సంఖ్య వెంటనే తగ్గలేదు. వచ్చినవారిలో చనిపోయేవారు తగ్గారు. ఆ నిరాశ అదే. ఆ క్షణం అదే. చేతికి దొరికిన సీసా తక్కువ విషపూరితమైనది కావడంతో వారికి మరుసటి రోజు దక్కింది. ఆ రోజు దక్కినవారిలో పదింట తొమ్మిది మంది తరువాత ఆత్మహత్యతో మరణించరని దీర్ఘకాల అధ్యయనాలు చెబుతున్నాయి. మా వార్డులో కోలుకొన్న ఎందరో ‘ఎందుకిలా చేశానో నాకే తెలియదు, సార్’ అనేవారు. చావాలన్న కోరిక చాలామందిలో ఒక కెరటం వంటిది. అది విరిగేదాకా ఒడ్డు దొరికితే చాలు.

మన వంతు

2018లో కేంద్ర ప్రభుత్వం 18 పురుగుల మందుల నిషేధానికి ఆదేశాలిచ్చింది. ఇంకా చేయవలసింది ఉంది. శ్రీలంకలోనే 180 గ్రామాలలో ఇళ్లకు తాళం పెట్టెలు పంచిన ప్రయోగం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. తాళంచెవి కూడా ఇంట్లోనే ఉంటుంది కదా! కనుక ప్రమాదకరమైన మందు అసలు అంగట్లోనే లేకపోవడం మేలు. అంతవరకు మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అవసరానికి మించి మందు కొనకండి. మిగిలినదానిని ఇంట్లో ఉంచకండి. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి, నిద్ర తగ్గించి, ‘నేను లేకపోతేనే మీకు సుఖం’ అంటూ ఉంటే దానిని విసుగుగా తీసివేయకండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా, ప్రేమగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్న భారం దిగుతుంది.

ఒకవేళ ఎవరైనా మందు తాగితే నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. వైద్యునికి నిజం చెప్పండి. వీలైతే సీసా వెంట తెండి. పోలీసు కేసుకు భయపడకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలాంటి వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించి చికిత్స అందించాలని చెబుతోంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. దాని స్థానంలో, ప్రభుత్వ ఉద్యోగి విధులను అడ్డుకోవడానికి చేసే యత్నం మాత్రమే నేరంగా మిగిలింది.

ఈ వ్యాసం చదువుతున్న మీకే మనసు బరువుగా ఉంటే, 14416 నంబరుకు ఫోను చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

గ్రాంట్ పట్టికలోని 222 మందికి ఏ కష్టం వచ్చిందో, వారి చుట్టూ ఎవరున్నారో మనకు తెలియదు. మన పట్టికలో వచ్చే సంవత్సరం చేరబోయేవారు మాత్రం ఇప్పుడు మన మధ్యనే, మన వీధిలోనే, బహుశా మన ఇంట్లోనే ఉన్నారు. వారిని పలకరించే సమయం ఇంకా మించిపోలేదు.