పిల్లి దగ్గర్నుంచి వచ్చిన నంబర్ 4

ఈరోజు ఎపిసోడ్ అంతా ఒక్క నంబర్ గురించి. ఆ నంబర్ 4.

పురుగుల మందు తాగినవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడ రెండు పేర్లు వినబడతాయి. ఒకటి అట్రోపిన్, ఇంకోటి పామ్. పామ్ అసలు పేరు ప్రాలిడాక్సిమ్. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివి ఒంట్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైముకి తాళం వేసేస్తాయి. దాంతో కండరాలు పడిపోతాయి, ఊపిరి ఆగిపోతుంది. ఆ తాళం తీసే మందే పామ్. 1955లో విల్సన్, గిన్స్‌బర్గ్ దీని గురించి ప్రకటించారు.

సరే, రక్తంలో ఎంత ఉంటే పనిచేస్తుంది? 1961లో సుండ్వాల్ అనే పరిశోధకుడు మత్తిచ్చిన పిల్లుల మీద ప్రయోగం చేశాడు. లీటరు ప్లాస్మాకి 4 మిల్లీగ్రాములు ఉంటే చాలన్నాడు. అంతే! మనిషి కాదు, పొలంలో కొట్టే మందూ కాదు. అయినా ఆ 4 దశాబ్దాల పాటు టెక్స్ట్‌బుక్కుల్లో కూర్చుంది.

మరి రోగి రక్తంలో కొలిచేదెలా? పాత పద్ధతిలో అతినీలలోహిత కాంతిని మందు ఎంత పీల్చుకుంటుందో చూసేవాళ్లు. కానీ రక్తంలో ఉన్న వేరే పదార్థాలూ ఆ కాంతిని పీల్చుకుంటాయి కదా. అక్కడే మాస్ స్పెక్ట్రోమెట్రీ పనికొచ్చింది. అణువుల్ని బరువుని బట్టి వేరుచేసే మెషీన్ అది. ద్రవంలో ఉన్న మందుని విరగకుండా అందులోకి పంపడం చాలాకాలం తలనొప్పే. 1980ల్లో జాన్ ఫెన్ ఎలక్ట్రోస్ప్రేతో ఆ దారి తెరిచాడు. 2002లో నోబెల్ వచ్చింది.

మనకి ఓటీపీ ఉంది కదా, ఇదీ అలాంటి డబుల్ చెకింగే. ప్లాస్మాలో ప్రొటీన్లు తీసేసి లోపలికి పంపితే, మొదటి ఫిల్టర్ 137 దగ్గరున్నవాటినే వదులుతుంది. ప్రాలిడాక్సిమ్ నంబర్ అదే. తర్వాత దాన్ని ముక్కలు చేస్తారు. రెండో ఫిల్టర్ తెలిసిన ముక్కనే లెక్కపెడుతుంది. వేరే మందు దూరడం చాలా కష్టం.

ఇప్పుడు అసలు విషయం. శ్రీలంకలో 235 మంది మీద ట్రయల్ చేశారు, 2009లో ఫలితం వచ్చింది. డోసు ఆ 4 దాటేలా లెక్కేసి ఇచ్చిందే. రక్తకణాల్లో ఎంజైము తిరిగి లేచింది కూడా. కానీ పామ్ ఇచ్చిన 121 మందిలో 30 మంది చనిపోయారు, సెలైన్ ఇచ్చిన 114 మందిలో 18 మంది. అంతకుముందు 2006లో మహారాష్ట్రలోని బారామతి ట్రయల్ ఇంకోలా చెప్పింది. అక్కడ ఎక్కువ డోసు ఇచ్చినవాళ్లలో చావులు తగ్గాయి. రెండూ నిజమైన ట్రయల్సే!

మెషీన్ తప్పు కాదండీ. అది "మందు ఇంత ఉంది" అని చెప్తుంది, "మనిషి బతుకుతాడు" అని కాదు. మోనోక్రోటోఫాస్ లాంటి డైమిథైల్ మందులైతే సుమారు 3.7 గంటల్లో సగం తాళాలు తుప్పుపడతాయి, పామ్‌కి కూడా రావు. క్లోరిపైరిఫాస్ లాంటివైతే దాదాపు 33 గంటలు టైముంటుంది. ఏం తాగారు, ఎప్పుడు వచ్చారు అన్నది తెలియకుండా ఒక్క 4తో పని జరగదు.

అందుకే ఎవరికైనా ఇలా జరిగితే లేట్ చేయొద్దు, 108కి కాల్ చేయండి, డబ్బా కూడా పట్టుకెళ్లండి. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. మళ్లీ కలుద్దాం.