"ఏ విద్య గట్టిది, బాబాయ్?"

మా అన్నయ్య కూతురికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. రోజూ రాత్రి బాగా పొద్దుపోయాక బసకు చేరవలసిన ఉద్యోగం. వెళ్ళడానికి ఇంకా మూడు నెలల గడువుంది కనుక ఈలోగా ఆత్మరక్షణకు పనికివచ్చే విద్య ఒకటి నేర్చుకుంటానంది. "కరాటేనా, జూడోనా, కర్రసామా? వీటిలో ఏది గట్టిది, బాబాయ్?" అని ఫోనులో అడిగింది.

నేను ఎవరి మీదా చెయ్యెత్తి ఎరుగను. పుస్తకాలు తిరగేసే అలవాటు మాత్రం ఉంది. అందుచేత జవాబును చరిత్రలో వెతికాను. నూరేళ్ళకు పూర్వం లండనులో కొందరు స్త్రీలు ఈ ప్రశ్నే వేసుకున్నారని నాకు గుర్తు. ఆ కథ బ్లాగ్మిత్రులతో కూడా పంచుకోవాలనిపించింది.

బార్టన్-రైట్ అనే ఇంజనీరు జపానులో కొంతకాలం పనిచేసి, 1898లో ఇంగ్లండుకు తిరిగివచ్చాడు. వస్తూ జుజుత్సు అనే జపాను మల్లవిద్యను వెంట తెచ్చాడు. దానికి చేతికర్ర విద్యను, ఫ్రెంచివారి కాలితన్నుల విద్యను, ఇంగ్లీషువారి ముష్టియుద్ధాన్ని జతచేసి, తన పేరు కలిసివచ్చేట్టు 'బార్టిట్సు' అని పిలిచాడు. శత్రువు ఎంత దూరంలో ఉన్నాడన్నదాన్ని బట్టి విద్య మారాలన్నది అందులోని సూత్రం. దూరాన ఉన్నవాడికి కర్ర, మీదపడి పట్టుకున్నవాడికి జుజుత్సు. షెర్లాక్ హోమ్స్ ప్రపాతం అంచున ప్రాణాలు దక్కించుకున్నది 'బరిట్సు'తోనేనని కానన్ డాయిల్ 1903లో ఒక కథలో రాశాడు. అప్పటికే బార్టన్-రైట్ పాఠశాల మూతబడిపోయింది!

ఆ విద్య చూసి ముచ్చటపడినవారిలో విలియం గారుడ్, అతని భార్య ఎడిత్ ఉన్నారు. ఎడిత్ 1872లో పుట్టింది. మనిషి ఐదడుగులు కూడా లేదు. బార్టన్-రైట్ రప్పించిన జపాను గురువులలో ఒకరైన ఉయెనిషి దగ్గర దంపతులిద్దరూ జుజుత్సు నేర్చుకున్నారు. 1908లో ఆయన ఇంగ్లండు విడిచి వెళ్ళిపోయాక ఆ పాఠశాల బాధ్యతను వీరే తీసుకున్నారు. ఓటుహక్కు కోసం పోరాడే స్త్రీలకు ఎడిత్ ఆ విద్య నేర్పడం మొదలుపెట్టింది.

1910 జులైలో 'పంచ్' పత్రిక దీని మీద ఒక వ్యంగ్యచిత్రం వేసింది. అందులో ఒక చిన్నపాటి స్త్రీ ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆమె ధాటికి కొందరు పోలీసులు నేలకూలితే, మిగిలినవారు బెదిరి వెనక్కి తగ్గుతుంటారు. చూసినవారు నవ్వుకునే ఉంటారు.

ఐదు నెలలు తిరక్కుండానే, నవంబరు 18న, ఇంచుమించు 300 మంది స్త్రీలు పార్లమెంటుకు బయలుదేరారు. దాదాపు ఆరుగంటలసేపు పోలీసులు, వారితోపాటు గుంపులోని మగవారు, ఆ స్త్రీలను కొట్టారు, ఈడ్చారు, చెప్పరానిచోట్ల చేతులు వేశారు. వంద మందికి పైగా అరెస్టయ్యారు. చరిత్రలో ఆ రోజుకు 'బ్లాక్ ఫ్రైడే' అని పేరు. బొమ్మలోని ఒంటరి వీరనారి ఆ వీధిలో ఎక్కడా లేదు. గుంపు మీదపడినప్పుడు ఒక్కరి నేర్పు ఏపాటిది?

1913లో ప్రభుత్వం ఒక చట్టం చేసింది. జైలులో నిరాహారదీక్ష చేసి నీరసించిన స్త్రీని వదిలిపెట్టడం, కాస్త కోలుకోగానే మళ్ళీ పట్టుకుపోవడం దాని తీరు. పిల్లి ఎలుకతో ఆడే ఆటలా ఉందని జనం దానికి ఆ పేరే పెట్టారు. నాయకురాలు ఎమ్మెలీన్ పాంఖర్స్ట్‌ను ఆ పిల్లి నోట పడకుండా కాపాడడానికి సుమారు ముప్పై మంది స్త్రీలతో ఒక రక్షకదళం ఏర్పడింది. వారికి రహస్యంగా శిక్షణ ఇచ్చింది ఎడిత్.

జుజుత్సు వారికి ఎందుకు సరిపోయిందో ఆలోచించాను. ఎదుటివాడు పోలీసు, బరువైనవాడు, బలమైనవాడు. అతను చేసే మొదటిపని చెయ్యో భుజమో దొరకబుచ్చుకోవడం. పిడికిలి పోరాటానికి ఒంటి బరువు కావాలి. జుజుత్సు పట్టుకున్నవాడి ఊపునే వాడి మీదికి తిప్పుతుంది. ఆ అపాయానికి ఆ విద్య అమరింది.

అయితే వారు దానినొక్కదానినే నమ్ముకోలేదు. దుస్తుల మాటున చెక్క ముద్గరాలు దాచుకుని వెళ్ళేవారు. ఇంగ్లీషువారు 'ఇండియన్ క్లబ్బులు' అని పిలిచే ఈ వ్యాయామ సాధనాలు మన తాలింఖానాల నుండి బ్రిటిష్ సైనికుల ద్వారా ఆ దేశం చేరినవే. నాయకురాలిలా వేషం వేసుకున్న మరొక స్త్రీని ముందు పంపి పోలీసులను బోల్తాకొట్టించిన సందర్భమూ ఉంది.

1914 మార్చి 9న గ్లాస్గోలో సభ. పాంఖర్స్ట్ మామూలు ప్రేక్షకురాలిలా టిక్కెట్టు కొనుక్కుని పోలీసుల కళ్ళెదుటే లోపలికి వెళ్ళింది. ప్రసంగం మొదలైన కాసేపటికే పోలీసులు వేదిక మీదికి ఉరికారు. వేదిక అంచున అలంకరించిన పూలదండల చాటున ముళ్ళతీగ ఉంది! పూలకుండీలు, కుర్చీలు గాలిలోకి లేచాయి. రక్షకదళం ముద్గరాలతో ఎదుర్కొంది. చివరికి పాంఖర్స్ట్ అరెస్టు కానే అయింది. కాని వేలమంది కళ్ళారా చూశారు.

ఆ ఏడాది ఆగస్టులో యుద్ధం రావడంతో ఉద్యమం ఆగింది, దళమూ చెదిరిపోయింది. 1918లో ముప్పై ఏళ్ళు నిండిన కొందరు స్త్రీలకు ఓటు దక్కింది. మగవారితో సమానంగా దక్కడానికి 1928 దాకా ఆగవలసి వచ్చింది. ఎడిత్ 1971 వరకు, తొంభైతొమ్మిదేళ్ళు బతికింది.

ఇదంతా చెప్పి మా అమ్మాయితో అన్నాను: "ఏది గట్టిదని అడగకమ్మా. నీకు ఎదురుకాగల అపాయమేమిటి, ఎవరినుండి, ఎక్కడ అని ముందు అడుగు. పట్టుకున్నవాడి చేతినుండి విడిపించుకోవడం నేర్పేచోట చేరు. ఎదుటివాడు నిజంగా బిగించి పట్టుకుంటే సాధన చేయించే గురువును ఎంచుకో. వాణ్ణి ఓడించడం నీ పని కాదు, తప్పించుకుని ఇల్లు చేరడం నీ పని. దారిలో నీతోపాటు నడిచే ఇద్దరు ముగ్గురిని కూడా వెతుక్కో."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అంతా నేనే నేర్చుకోవాలి. ఆ పట్టుకునేవాడికి ఎవరూ ఏమీ నేర్పరా, బాబాయ్?"

ఆ ప్రశ్నకు నా పుస్తకాలలో జవాబు దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి.