కనుమల దారిలో ఆడవాళ్ల రాత్రులు

పర్వతాల చరిత్రని ఇప్పటిదాకా శిఖరాల లెక్కలోనే రాశారు. ఎవరు ముందు ఎక్కారు, ఏ తేదీన ఎక్కారు, ఎంత ఎత్తు, ఎవరి జెండా పాతారు... శిఖరం పగటి వ్యవహారం. కానీ ఒక లోయలోంచి ఇంకో లోయలోకి, కనుమ తర్వాత కనుమ దాటుకుంటూ, వారం పది రోజులు కొండల్లోనే నడవాలంటే ముందు తేలాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి?

మగవాడికి ఇది దూరానికీ వాతావరణానికీ సంబంధించిన ప్రశ్న. ఆడదానికి అంతటితో ఆగదు. ఎవరి పక్కన పడుకుంది, ఎవరి తోడుతో వెళ్లింది, పొద్దున్నే లోకం ఏమంటుంది అనేవన్నీ అందులోకి వచ్చి చేరతాయి. స్త్రీల యాత్రా రచనల మీద పరిశోధన చేసినప్పటి నుంచి నాకు ఈ రాత్రి ప్రశ్న పట్టుకుంది. యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల చరిత్రని ఆ ప్రశ్నతో చదివితే, గొప్పగా చెప్పుకునే విజయగాథల వెనక ఇంకో చరిత్ర కనిపిస్తుంది.

ఆల్ప్స్‌లో నడిచేవాళ్ల కోసం కొండల మీద విడిది ఇళ్లున్నాయి. ఒక్కోటి సుమారుగా ఒక రోజు నడక దూరంలో ఉంటుంది. పగలంతా నడిచి సాయంత్రానికి ఒక విడిదికి చేరడం, వేడి సూపు తాగి వరుసగా పరిచిన పరుపుల మీద పడుకోవడం, పొద్దున్నే లేచి ఇంకో కనుమ దాటడం. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా మోఁ బ్లాఁ పర్వతం చుట్టూ తిరిగే దారి దాదాపు 170 కిలోమీటర్లు. ఇప్పుడు వేసవిలో ఆ దారిలో ఎంతోమంది ఆడవాళ్లు కనిపిస్తారు. ఈ మామూలుతనం రావడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

మోఁ బ్లాఁ ఎక్కిన మొదటి స్త్రీ మరీ పారదీ. షామొనీ ఊళ్లో పనిమనిషి. 1808 జులైలో ఎక్కింది. ఆ పేరు వస్తే నాలుగు డబ్బులొస్తాయని ఊళ్లోవాళ్లు చెప్పడంతో బయల్దేరిందంటారు. ఆమె అనుభవం ఇతరులు చెప్పిన మాటగానే మనకి మిగిలింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1838లో, ఆఁరియెత్ దాఁజెవీల్ ఎక్కింది. ఆమెకి 44 ఏళ్లు. కులీన కుటుంబం, పెళ్లి చేసుకోలేదు. ఆరుగురు గైడ్లు, ఆరుగురు కూలీలు వెంట ఉన్నారు. ఈమెకేమన్నా మతిపోయిందా అనుకున్నారు చుట్టుపక్కల జనం. గ్రాఁ మ్యులె అనే బండల దగ్గర, మంచు మధ్యలో, అంతమంది మగవాళ్లున్న బృందంతో ఆమె రాత్రి గడిపింది. తన యాత్రని తనే రాసుకుంది. కిందకి దిగాక మరీ పారదీని పిలిచి విందు ఇచ్చింది. పనిమనిషి మొదటి ప్రయాణం కథగా మిగిలితే, దొరసాని రెండో ప్రయాణం పుస్తకంగా మిగిలింది. ఒకే విందులో పక్కపక్కన కూర్చున్న ఈ ఇద్దరి మధ్య తేడా కొండ ఎత్తుది కాదు, కలం ఎవరి చేతిలో ఉందన్నది.

ఆ గ్రాఁ మ్యులె బండల మీదే 1853లో ఒక విడిది కట్టారు. 1857లో లండన్‌లో ఆల్పైన్ క్లబ్బు పుట్టింది. అది మగవాళ్ల క్లబ్బు. 1863లో పుట్టిన స్విస్ ఆల్పైన్ క్లబ్బు ఆ ఏడాదే ట్యోడి పర్వతం మీద గ్ర్యున్‌హార్న్ అనే చోట తన మొదటి విడిది కట్టింది. ఇవాళ ఆ క్లబ్బు కింద నూట యాభైకి పైగా విడిదులున్నాయి. షామొనీ నుంచి జెర్మాట్ దాకా ఎత్తైన కనుమల మీదుగా వెళ్లే సుప్రసిద్ధమైన దారిని ఇంగ్లీషు క్లబ్బు సభ్యులు 1860లలోనే గుర్తించారు. అంటే దారులు, విడిదులు, వాటి గురించి రాసే పత్రికలు అన్నీ ఒకే కాలంలో, ఒకే రకం మనుషుల చేతుల్లో తయారయ్యాయి.

మరి ఆ కాలపు స్త్రీలు రాత్రి సమస్యని ఎలా పరిష్కరించుకున్నారు? 1871 జులైలో మాటర్‌హార్న్ ఎక్కిన మొదటి స్త్రీగా చరిత్రకెక్కిన లూసీ వాకర్‌ని చూడండి. ఆమె ఆల్ప్స్‌లో తిరిగిందంతా ప్రధానంగా తండ్రితో, అన్నదమ్ముడితో, ఆ కుటుంబానికి నమ్మకమైన గైడుతో. అమెరికా నుంచి వచ్చిన మెటా బ్రెవూర్ట్ తన తోబుట్టువు కొడుకు కూలిడ్జ్‌తో కలిసి తిరిగింది. తండ్రి, సోదరుడు, పెంచుకున్న పిల్లవాడు... రాత్రికి హామీగా రక్తసంబంధం పక్కన ఉండాలి. ధైర్యం ఎంత ఉన్నా, ఆ హామీ లేకపోతే ధైర్యానికి వేరే పేరు పెడతారు.

బ్రెవూర్ట్ విషయంలో ఇంకో సంగతి ఉంది. 1871లో బీచ్‌హార్న్ అనే శిఖరం ఎక్కి దిగుతూ చీకటి పడిపోయి వాళ్లు కొండ మీదే చిక్కుకున్నారు. ఆ అనుభవాన్ని ఆమె వ్యాసంగా రాసింది. శీర్షికలో పగలు, రాత్రి రెండూ ఉన్నాయి. 1872లో ఆల్పైన్ క్లబ్బు పత్రికలో అది అచ్చయింది, కానీ కూలిడ్జ్ పేరుతో. అతను క్లబ్బు సభ్యుడు, ఆమె కాదు. రాత్రంతా చలిలో వణికిన శరీరం ఆమెది, ఆ రాత్రిని రాసిన చెయ్యి ఆమెది, కింద సంతకం మాత్రం కుర్రవాడిది. వాళ్లతో పాటు ఒక కుక్క కూడా కొండలెక్కేది. దాని పేరు చింగెల్. 1865లో చింగెల్ కనుమ దాటినందుకు ఆ పేరు పెట్టారు. ఆ కుక్కకి క్లబ్బువాళ్లు గౌరవ సభ్యత్వం ఇచ్చారని ఆల్ప్స్ సాహిత్యంలో తరచూ చెప్పుకుంటారు. సరదాకే కావచ్చు. కానీ అది ఆడకుక్క. దానితో సరదా చెయ్యగలిగినవాళ్లకి, దాని పక్కనే నడిచిన ఆడమనిషి విషయంలో సరదా కూడా తోచలేదు.

1907లో రెండు సంఘటనలు జరిగాయి. లండన్‌లో ఆడవాళ్లు తమ సొంత ఆల్పైన్ క్లబ్బు పెట్టుకున్నారు. ఎలిజబెత్ లె బ్లాఁ మొదటి అధ్యక్షురాలు. అదే ఏడు స్విస్ ఆల్పైన్ క్లబ్బు స్త్రీలకి సభ్యత్వం లేదని తీర్మానించింది. అంతకు ముందు కొన్ని శాఖల్లో ఆడవాళ్లున్నారు. అంటే ఇది పాత ఆచారం కొనసాగడం కాదు, తెరిచిన తలుపుని ఆలోచించి మూసెయ్యడం. 1918లో స్విస్ స్త్రీలు మోఁత్రోలో తమ క్లబ్బు తామే స్థాపించుకున్నారు. రెండు క్లబ్బులూ ఒకటైంది 1980లో. స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకి జాతీయ స్థాయిలో ఓటు హక్కు వచ్చిందే 1971లో అని గుర్తు చేసుకుంటే, పార్లమెంటు తలుపు కన్నా కొండ క్లబ్బు తలుపు ఇంకా బిగుసుకుపోయి ఉందని తెలుస్తుంది. లండన్ క్లబ్బు కూడా 1970ల మధ్యలోనే స్త్రీలని చేర్చుకుంది.

సభ్యత్వం లేకపోతే విడిదిలో పడుకోనివ్వరని కాదు. డబ్బు కట్టి పడుకోవచ్చు. కానీ చోటు, ధర విషయంలో సభ్యులదే పైచేయి. అంతకన్నా ముఖ్యం, విడిది ఎక్కడ కట్టాలి, గదులెలా ఉండాలి అని నిర్ణయించే చోట ఆడవాళ్లు లేరు. అతిథిగా ఉండటం వేరు, ఇల్లు మనది కావడం వేరు. ఈ తేడా పుట్టింటికీ అత్తింటికీ మధ్య తిరిగే మనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

2017 వేసవిలో పరిశోధన పని మీద కొన్ని నెలలు ఆస్ట్రియాలో ఉన్నాను. అప్పుడు ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు గట్టు మీదుగా సాగే కార్నిక్ ఎత్తుదారిలో నాలుగు రోజులు నడిచాను. మొత్తం దారి దాదాపు 150 కిలోమీటర్లు, నేను నడిచింది అందులో ఒక ముక్క. బయల్దేరేముందు అమ్మకి ఫోన్ చేశాను. కాళ్లు నొప్పులు పుడతాయని గానీ కొండ మీంచి పడతానని గానీ ఆవిడ భయపడలేదు. "పగలు నడుస్తావు సరే. రాత్రి ఎక్కడ పడుకుంటావే?" అంది. విడిదిలో అందరం ఒకే గదిలో అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తలుపుకి లోపలి నుంచి గడియ ఉంటుందా?" అనడిగింది.

ఆ ప్రశ్నని చాదస్తం కింద కొట్టిపారెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఆల్ప్స్‌లో చాలా విడిదుల్లో చలికాలం కోసం ఒక గదిని తాళం వెయ్యకుండా వదిలేస్తారు. దారి తప్పినవాళ్లు, తుఫానులో చిక్కుకున్నవాళ్లు వచ్చి తలదాచుకోవాలని. గడియ లేకపోవడమే అక్కడి ధర్మం. మా అమ్మ తరానికి గడియ ఉండటమే రక్షణ. ఇద్దరూ మాట్లాడుతున్నది ప్రాణం నిలబెట్టుకోవడం గురించే. ఒకరికి ప్రమాదం మంచు, ఇంకొకరికి మనిషి.

మొదటి రాత్రి పన్నెండు పరుపులు ఆనుకుని పరిచిన గదిలో ఒక చివర పడుకున్నాను. బూట్లు కింద వదిలెయ్యాలి, ఎవరి సంచి దుప్పటి వాళ్లు తెచ్చుకోవాలి, పదింటికి దీపాలార్పాలి. నడక మొదలైన రెండో రోజున నెలసరి వచ్చింది. విడిదుల్లో ఎవరి చెత్త వాళ్లే కిందకి మోసుకెళ్లాలి కాబట్టి వాడినవన్నీ కాగితంలో చుట్టి, సంచి అడుగున పెట్టుకుని, మిగతా రోజులన్నీ మోశాను. పాత యాత్రా రచనల్లో ఎక్కడా కనపడని ఈ బరువుని దాఁజెవీల్, బ్రెవూర్ట్ ఎలా మోసి ఉంటారా అనుకున్నాను.

విడిది తలుపు ఆడవాళ్ల ముందే మూసుకోలేదు. జర్మన్, ఆస్ట్రియన్ ఆల్పైన్ సంఘంలో 1920ల నుంచే యూదులని వెళ్లగొట్టడం మొదలైంది. యూదు సభ్యులు ఎక్కువగా ఉన్న డోనౌలాండ్ శాఖని 1924లో సంఘం నుంచి తీసేశారు. యూదులకి ఇక్కడ స్వాగతం లేదని విడిదుల తలుపుల మీద బోర్డులు వేలాడాయి. హిట్లర్ అధికారంలోకి రావడానికి ఎన్నో ఏళ్ల ముందు సంగతి ఇది. మన సత్రాల చరిత్ర తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. దాహమైనవాళ్లకి నీళ్లు, బాటసారికి నీడ అని శాసనాల్లో రాసుకున్న ధర్మం అరుగు దాటి లోపలికొచ్చేసరికి కులం అడిగింది. కాబట్టి విడిది అంటే కేవలం కప్పు కాదు. ఈ రాత్రి ఎవరిని మనుషుల కింద లెక్కెయ్యాలి అన్నది అక్కడ తేలుతుంది.

నేను నడిచిన ఆ కార్నిక్ గట్టు మొదటి ప్రపంచయుద్ధంలో యుద్ధరంగం. ఇప్పుడు దాన్ని శాంతి బాట అని కూడా పిలుస్తారు. 1915 నుంచి 1917 దాకా గట్టు మీద ఇటలీ సైనికులు కందకాల్లో ఉన్నారు. కింద లోయలో టిమావు, పలుజ్జా లాంటి ఊళ్లు. పైకి బండ్లు వెళ్లే దారి లేదు. మగవాళ్లందరూ సైన్యంలో ఉన్నారు. మందుగుండు, తిండి, మందులు పైకి మోసింది ఆడవాళ్లు. పదిహేనేళ్ల పిల్లల నుంచి అరవై ఏళ్ల ముసలమ్మల దాకా, వెయ్యికి పైబడినవాళ్లు. ఎండుగడ్డి, కట్టెలు మోసుకునే వెదురుబుట్టలాంటి బుట్టని వీపుకి తగిలించుకుని, ముప్ఫై నలభై కిలోల బరువుతో, నిటారు కొండ ఎక్కేవాళ్లు. కాళ్లకి గుడ్డలు కుట్టిన చెప్పులు. చేతికి నంబరున్న ఎర్ర పట్టీ. నడుస్తూనే మేజోళ్లు అల్లేవాళ్లు. ఒక్కో ప్రయాణానికి లీరా యాభై చెంటెసిమీ కూలి. దిగేటప్పుడు ఒక్కోసారి గాయపడినవాళ్లనీ, చచ్చిపోయినవాళ్లనీ మోసుకొచ్చేవాళ్లు. దిగాక పిల్లలు, పశువులు, పొయ్యి.

టిమావుకి చెందిన మరియా ప్లోజ్నర్ మెంటిల్ నలుగురు పిల్లల తల్లి. భర్త వేరే యుద్ధరంగంలో ఉన్నాడు. 1916 ఫిబ్రవరిలో, బరువు పైకి చేర్చి కాసేపు కూర్చున్నప్పుడు, శత్రు సైనికుడి తుపాకీ గుండు తగిలి మర్నాడు చనిపోయింది. ఆమెకి 32 ఏళ్లు. ఈ మోత స్త్రీలకి ప్రభుత్వ గుర్తింపు దక్కింది 1969లో. మరియాకి సైనిక శౌర్యానికి ఇచ్చే బంగారు పతకం ప్రకటించింది 1997లో.

నేను నాలుగు రోజులు ఆనందంగా నడిచిన ఎత్తుల్లోకి వాళ్లు కూలికి ఎక్కారు. తెల్లవారకుండానే బయల్దేరి మళ్లీ ఇంటికి దిగారు. కొండ మీద వాళ్లకి రాత్రి లేదు, అంటే విశ్రాంతి లేదు. విడిదుల్లో ఉండే అతిథుల పుస్తకంలో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎక్కడికి వెళ్తున్నారో రాయిస్తారు. నేనూ నా పేరు, హైదరాబాద్ అని రాశాను. ఎక్కి, దించి, దిగిపోయినవాళ్ల పేర్లు ఏ అతిథుల పుస్తకంలో ఉంటాయి? నేను ఆగిన విడిదుల్లో సూపు కాచింది, పరుపులు దులిపింది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లూ అతిథులు కారు కదా.

సాహసం అనే మాటని మనం మళ్లీ నిర్వచించుకోవాలని నాకు అనిపిస్తుంది. లూసీ వాకర్ సాహసం నిజం, మరియా చెమటా నిజమే. మొదటిదాన్ని మాత్రమే పర్వతారోహణ అని, రెండోదాన్ని కూలిపని అని విడగొట్టేది కొండ కాదు. కార్నియా స్త్రీలని తీసేసి ఆల్ప్స్ స్త్రీల చరిత్ర రాస్తే, అది తీరిక ఉన్న ఆడవాళ్ల చరిత్రే అవుతుంది.

2014 మేలో మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ ఎత్తు చూసి మనమంతా మురిసిపోయాం. అన్ని వారాలు మంచులో, డేరాల్లో ఆ పిల్ల రాత్రులెలా గడిపిందని ఎంతమందిమి అడిగాం? 1830లో ఏనుగుల వీరాస్వామి మద్రాసు నుంచి కుటుంబంతో, పరివారంతో కాశీకి బయల్దేరి ప్రతి మజిలీ గురించీ రాశాడు. ఏ ఊళ్లో నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ దిగాలి అన్నీ ఉన్నాయి. ఆ ప్రయాణంలో ఉన్న ఆడవాళ్లు తమ మాటల్లో చెప్పుకున్న రాత్రులు మాత్రం మనకి అందలేదు.

మన ఇళ్లలో కాశీకో, తిరుపతి కొండకో, శ్రీశైలానికో కాలినడకన, బండి మీద వెళ్లొచ్చిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. దర్శనం బాగా అయిందా అని అందరూ అడిగే ఉంటారు. దారిలో ఎక్కడ పడుకున్నారు, ఎవరు మేలుకుని కాపలా ఉన్నారు, వంట ఎవరు చేశారు, స్నానం ఎక్కడ, నెలసరి వస్తే ఏం చేశారు, ఎవరిని అరుగు మీదే ఆపేశారు... ఇవి అడిగి రాసి పెడదాం. ఆలస్యం చేస్తే చెప్పేవాళ్లు ఉండరు.