క్రిమి సోకితే కణం ఏం చేస్తుంది?

మీ కాలిలో ముల్లు దిగి చీము పట్టిందనుకోండి. ఆ చీములో చాలాభాగం క్రిములతో పోరాడి చనిపోయిన తెల్లరక్తకణాలే. ఇలాంటి పోరాటాన్ని లోకానికి వివరించినవాడు రష్యన్ జంతుశాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఆయన, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకంలో సన్నని ముళ్లు గుచ్చాడు. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! క్రిములను మింగి జీర్ణించుకునే కణాలు మనలోనూ ఉన్నాయని ఆయన వాదించాడు. 1908లో ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

అదే 1882లో బెర్లిన్‌లో కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. దీన్నీ మన కణాలు మింగుతాయి. కాని చాలాసార్లు చంపలేవు. అది కణంలోనే కాపురం పెడుతుంది. ఎందుకు? సూక్ష్మదర్శినిలో చూసినంత మాత్రాన జవాబు దొరకలేదు.

జవాబు కోసం జన్యువుల దాకా వెళ్లాలి. మీ శరీరంలోని దాదాపు అన్ని కణాల్లోనూ ఒకే జన్యువులుంటాయి. అయితే అన్నీ ఒకేసారి పనిచేయవు. జన్యువుల పనిని అవసరాన్నిబట్టి మొదలుపెట్టే, ఆపే ఏర్పాటు ఉందని 1961లో పారిస్‌లో జాకబ్, మోనో బాక్టీరియాలో చూపారు. పనిచేసే జన్యువు నుంచి ఆర్.ఎన్.ఎ. నకళ్లు తయారవుతాయి. వాటిని లెక్కిస్తే కణం ఏం చేస్తోందో తెలుస్తుంది. 1995లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఒక గాజుపలక మీద 45 మొక్క జన్యువుల పనిని ఒకేసారి కొలిచారు. కొద్ది ఏళ్లకే ఆ సంఖ్య వేలకు చేరింది.

2002లో అమెరికాలో మానవ మాక్రోఫేజ్ కణాలకు రకరకాల బాక్టీరియాను సోకించి చూశారు. ఏ బాక్టీరియా సోకినా కొన్ని జన్యువులు ఒకే తీరున మేల్కొన్నాయి. అది ఉమ్మడి ప్రమాదఘంటిక. అయితే క్షయ క్రిమి సోకినప్పుడు, ఇతర రక్షణ కణాలను సాయానికి సిద్ధంచేసే ఇంటర్‌ల్యూకిన్-12 అనే ప్రోటీన్ తయారీ అణగిపోయింది. అంటే ఘంటిక మోగినా కబురు సరిగా అందలేదు!

ఇది తెలుసుకుంటే రోగికేం లాభం? క్షయ క్రిమి సోకినవారిలో ఎక్కువమందికి ఎన్నడూ జబ్బు రాదు. వచ్చేదెవరికి? దక్షిణాఫ్రికా పిల్లల రక్తాన్ని పరిశీలించి రూపొందించిన 16 జన్యువుల పరీక్ష, ఏడాదిలోపు జబ్బుపడబోయేవారిలో సగంమందికి పైగా ముందే పసిగట్టగలదని 2016లో తేలింది. కాని అదే దేశంలో 11 జన్యువుల పరీక్ష ద్వారా ప్రమాదం ఉందని తేలినవారికి మూడు నెలలు మందులిచ్చినా జబ్బు తగ్గలేదని 2021లో వెల్లడైంది. పసిగట్టడం వేరు, ఆపడం వేరు.

ప్రపంచంలోని క్షయరోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. కాబట్టి ఈ రెండింటి మధ్య దూరం తగ్గడం అందరికన్నా మనకే ఎక్కువ అవసరం.